సెటిల్ అంటే ఏటి?

ఉడుపులు అయిపోయాయి. మూన తిరిగేదాకా గట్టు మీద నిలబడి నీళ్లు చూసుకోవడమే పని. అందుకని ఈసారి ఎరువు గురించీ పురుగు గురించీ కాకుండా ఒక మాట గురించి రాస్తున్నాను. ఇంగ్లీషు మాట. కంగారు పడకండి, మనందరికీ వచ్చిందే. సెటిల్.

ఈ మాట తెలీని మనిషి మన పల్లెల్లో లేడు. బడి మొహం చూడని మా పెద్దమ్మ కూడా "ఆ గుంటడు ఐదరాబాదులో సెటిలైపోనాడు" అంటాది. బ్యాంకుకి వెళ్తే పాత బాకీకి వన్ టైమ్ సెటిల్‌మెంట్ ఉందంటారు. పంటల బీమా క్లెయిమ్ సెటిల్ అయిందా అని ఒకరినొకరం అడుక్కుంటాం. తాపీమేస్త్రీ గోడ బీటని చూసి "పునాది సెటిలైందండి, అందుకే" అంటాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట కూర్చున్న దస్తావేజు లేఖరి "సేలా, సెటిల్‌మెంటా?" అని అడుగుతాడు. నగరం పెరిగి మన పొలాల దాకా వచ్చాక స్థలం తగాదాల్లో సెటిల్‌మెంట్లు చేసిపెట్టే మనుషులు కూడా తయారయ్యారు, వాళ్ల గురించి ఇక్కడ రాయక్కర్లేదు.

మా చిన్నోడికి సంబంధాలు చూస్తున్నప్పటి నుంచి ఈ మాట నాకు రోజూ తగులుతోంది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మాట సంగతి చూద్దాం.

నాది ఇంటర్ చదువు, అదీ తెలుగు మీడియం. మా అమ్మాయి డిగ్రీ రోజుల్లో కొన్న లావుపాటి డిక్షనరీ అటక మీద ఉంటే దింపాను. దాన్లో సెటిల్‌కి అర్థాలు ఒక పేజీ సగం దాకా ఉన్నాయి. అర్థం కానివి మా పక్కూరిలో ఉండే రిటైర్డు ఇంగ్లీషు లెక్చరర్ గారిని అడిగాను. ఆయన సంతోషంగా రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పారు. కూర్చోబెట్టడం అనే మాట ఊరికే రాయలేదు. అసలు సంగతి దాన్లోనే ఉంది.

సెటిల్ అంటే మొదట్లో కూర్చోబెట్టడం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో 'సెట్ల్' అంటే ఆసనం, పీట. దాన్నుంచే ఈ క్రియ పుట్టింది. ఒక మనిషినో వస్తువునో దాని చోట కూర్చోబెట్టడం, కదలకుండా ఉంచడం. వాళ్ల పాత ఇళ్లల్లో వీపుకి ఎత్తుగా చెక్క ఉండే పొడుగాటి బల్ల ఒకటి ఉండేదట, దాన్ని ఇప్పటికీ సెటిల్ అనే అంటారు. ఇంకో ముచ్చట, ఆ పాత ఇంగ్లీషులో పొద్దు గుంకడానికి ఉన్న మాటకి అర్థం పీటకి వెళ్లడం. అంటే పొద్దంతా తిరిగి తిరిగి సూర్యుడు తన పీట మీదకి చేరతాడన్నమాట. నాకిది భలే నచ్చింది. గుర్రం మీద వేసే జీను, అదే శాడిల్, అదీ ఈ కుటుంబంలోదే.

తగాదా తీర్చుకోవడం అనే అర్థం దీనికి కొంచెం అడ్డదారిలో వచ్చింది. రాజీపడటం అనే అర్థంతో దాదాపు ఇలాగే పలికే మరో మాట అప్పట్లో ఉండేదట. రెండూ ఒకే చోట తిరిగీ తిరిగీ కలిసిపోయాయని పండితులు అనుకుంటారు. పక్కపక్క మళ్లలో గట్టు తెగితే రెండు మళ్ల నీళ్లూ ఒకటైనట్టు.

లెక్చరర్ గారు అక్కడితో ఆగలేదు. ఈ మాటకి ఇంకా వెనక్కి వెళ్తే 'సెద్' అనే ధాతువు ఉందట, కూర్చోవడం అని అర్థం. అది లాటిన్‌లోకి ఒక దారిన, సంస్కృతంలోకి ఇంకో దారిన వెళ్లింది. సంస్కృతంలో అదే 'సద్'. సదస్సు అంటే కూర్చున్న సభ. పరిషత్తు అంటే చుట్టూ కూర్చోవడం. మన మండల పరిషత్, జిల్లా పరిషత్ అన్నీ అదే. ఉపనిషత్తు అంటే గురువు దగ్గర కూర్చోవడం.

లాటిన్ దారిన వచ్చిన మాటలు చూస్తే మాత్రం నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. పొసెషన్ అంటామా, భూమి ఎవరి స్వాధీనంలో ఉందని ఎంక్వయిరీకి వచ్చినప్పుడల్లా రాసే మాట, దానర్థం యజమానిగా కూర్చోవడం. అసెస్‌మెంట్, అంటే శిస్తు కట్టడం. మొదట్లో దానర్థం పక్కన కూర్చోవడం. జడ్జి పక్కన కూర్చుని సాయం చేసేవాడు, తర్వాత్తర్వాత ఎవడు ఎంత పన్ను కట్టాలో తేల్చేవాడయ్యాడు. సబ్సిడీ కూడా ఇదే ఇంటిపేరు. రోము సైన్యంలో ముందు వరస అలిసిపోతే సాయం వెళ్లడానికి వెనకాల కూర్చుని ఉండే దళం. మన సబ్సిడీ కూడా చాలాసార్లు వెనకాలే కూర్చుని ఉంటుంది, ముందుకి రాదు. మందు కొట్టిన కూరగాయల్లో మిగిలేదాన్ని రెసిడ్యూ అంటారు, అదీ వెనక కూర్చుండిపోయినదనే అర్థం. ప్రెసిడెంటు అంటే ముందు కూర్చునేవాడు.

అంటే భూమి కాగితాల ఇంగ్లీషంతా కూర్చునేవాళ్ల గురించే. పొద్దున్నించి సాయంత్రం దాకా వంగి నిలబడేవాడికి ఆ కుటుంబంలో ఒక్క మాట కూడా కనబడలేదు నాకు.

ఇప్పుడు మన మడిలోకి వద్దాం. సెటిల్ అవడం అంటే బురద అడుగుకి దిగి నీరు తేటపడటం అనే అర్థం కూడా ఉంది. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దమ్ము పట్టిన వెంటనే ఉడుపులు వెయ్యం. బురద పేరుకోవాలి, నీరు తేరుకోవాలి. తొందరపడి నాటితే నారు లోతుకి దిగిపోతుంది, పిలకలు సరిగా రావు. మా నేల బంక కాబట్టి కొంచెం ఎక్కువ ఆగుతాం, ఇసక పాళ్లు ఉన్న నేలైతే అంత ఆగక్కర్లేదు. ఇంగ్లీషువాడికి ఇది సెటిల్, మనకి తేరుకోవడం. జబ్బు చేసి లేచిన మనిషినీ తేరుకున్నాడనే అంటాం.

సంస్కృతంలో కూడా ఇదే సంగతి ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. అదే 'సద్'కి ముందు 'ప్ర' చేరిస్తే, నీరు తేటపడటం, మనసు నెమ్మదించడం. దాన్నుంచే ప్రసన్నం, ప్రసాదం. సింహాచలం కొండ దిగుతూ చేతిలో పెట్టుకునే ప్రసాదం ఆ మాటే. 'వి' చేరిస్తే కుంగిపోవడం, అదే విషాదం. ప్రసాదమూ విషాదమూ ఒకే కొమ్మకి కాసినవి. సింహాచలం అనుకున్నాం కాబట్టి ఒక్క మాట. కొండ కింద అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ పంచగ్రామాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకి దేవస్థానం భూమి చిక్కు ఎన్నేళ్లయినా విడలేదు. అక్కడ ప్రసాదం ఉంది గానీ సెటిల్‌మెంట్ లేదు.

బురద కిందకి దిగడం మడికి మంచిదే గానీ ఓడకి మంచిది కాదు. ఓడ కొద్దికొద్దిగా నీట్లోకి దిగిపోవడాన్ని కూడా ఇంగ్లీషులో సెటిల్ అనే అంటారు. మన విశాఖ పోర్టు 1933లో తెరిచారు. అది కట్టేటప్పుడు అలల్ని అడ్డుకోడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడల్ని కావాలనే ముంచారు. సముద్రం తోసుకొచ్చే ఇసక పోర్టు దారిలో పేరుకోకుండా డ్రెడ్జర్లతో తవ్వుతూనే ఉండాలి. మనకి సెటిల్ అవడం పెట్టుబడైతే పోర్టువాళ్లకి సెటిల్ అవకుండా చూసుకోవడం పెట్టుబడి.

ఇన్ని అర్థాలకీ సరిపోయే మాట తెలుగులో ఉందా అని చాలా రోజులు ఆలోచించాను. స్థిరపడటం అని పేపర్లో రాస్తారు, అది పుస్తకం మాట. దొరికింది ఎక్కడంటే మడిలోనే. కుదురు.

చూడండి. పెళ్లి కుదిరింది. బేరం కుదిరింది. ఒళ్లు కుదుటపడింది. మనసు కుదురుగా లేదు. వాడు ఉద్యోగంలో కుదురుకున్నాడు. నీళ్ల బిందె దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్ట కుదురు. వరి దుబ్బు కుదురు. వ్యవసాయ శాఖవాళ్లు ఖరీఫ్‌లో చదరపు మీటరుకి 33 కుదుళ్లు ఉండాలని చెప్తారు కదా, ఆ కుదురే. ఇంగ్లీషువాడి సెటిల్ ఎన్ని పనులు చేస్తుందో మన కుదురు దాదాపు అన్నీ చేస్తుంది. తేడా ఎక్కడంటే, వాడిది బల్ల దగ్గర పుట్టింది, మనది కుండ కిందా దుబ్బు దగ్గరా తిరుగుతోంది. ఇంత మాట ఉండగా మనం సెటిల్ ఎందుకు పట్టుకున్నామో నాకు అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. కుదురుకోవడం మనిషి తనంతట తాను చేసేది. సెటిల్ చెయ్యడం పైనుంచి ఒకడు చేసేది. ఆ పైనుంచి చేసినవాడు ఈ మాటని తనతో తెచ్చాడు.

ఎప్పుడు తెచ్చాడంటే, మాది పద్మనాభం కొండ కనబడే ఊరు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1794 జులై 10న ఆ కొండ దగ్గరే విజయనగరం రాజు విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. పేష్కష్ బకాయిల దగ్గర ముదిరిన తగాదా అది. రాజుని మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. ఆయన బయల్దేరి పద్మనాభంలో ఆగిపోయాడు, ఇంక కదల్లేదు. ఆ తర్వాత 1802లో కంపెనీ మన సర్కారు జిల్లాల్లో పర్మనెంట్ సెటిల్‌మెంట్ తెచ్చింది. బెంగాల్లో 1793లో కారన్‌వాలిస్ చేసిందే ఇక్కడా చేశారు. జమీందారు కంపెనీకి ఏటా ఎంత కట్టాలో ఒకేసారి తేల్చేశారు, ఇంక ఎప్పటికీ మారదన్నారు.

అంటే ఎవరిని కూర్చోబెట్టారు? జమీందారుని. ఆయన కట్టేది కదలకుండా మేకు కొట్టారు. మనం ఆయనకి కట్టేదానికి అలాంటి గట్టి మేకు ఎవరూ కొట్టలేదు. దున్నే రైతుని భూమి మీంచి ఇష్టమొచ్చినట్టు లేపకూడదని గట్టి చట్టం రావడానికి 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు దాకా ఆగాల్సొచ్చింది. లెక్క వేసుకోండి, నూట ఆరేళ్లు.

ఇంక 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. దాంతో జమీందార్లు పోయి, సర్వే జరిగి, రైత్వారీ పట్టాలు ఇచ్చే పని మొదలైంది. దాన్ని కూడా సెటిల్‌మెంట్ అనే అన్నారు, చేసే ఆఫీసరు సెటిల్‌మెంట్ ఆఫీసరు. మన జమీందారీ ఊళ్ల రైతులు ఇప్పటికీ ఎస్‌ఎఫ్‌ఏ నకలు కోసం తిరుగుతారే, అందులో ఎస్ అంటే సెటిల్‌మెంటే. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. మా తాత ఆ గొలుసు సర్వే చూశాడు. కొలిచేవాళ్లకి గొలుసు చివర పట్టుకుని నడిచాడట. "నా జన్మలో నా పేరు ఇంగ్లీషువాడి పుస్తకంలో పడింది అప్పుడేరా" అనేవాడు. అప్పటికి ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయారు తాతా అంటే వినేవాడు కాదు.

సర్కారు గ్రామాల్లో అయితే ఆర్‌ఎస్‌ఆర్ ఉంటుంది, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. ఆ రిజిస్టర్లో ఎవరిదో తేలని భూమికి పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. తెల్లదొరల కాలం గుమాస్తా పెట్టిన చుక్కలు మనవళ్ల మునిమనవళ్ల మెడకి చుట్టుకున్నాయి. అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాదు, పిల్ల పెళ్లికి తాకట్టు పెడదామంటే బ్యాంకు తీసుకోదు. దాని మీద రాష్ట్రం 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. 2023 మేలో కావలి సభలో రెండు లక్షల పైచిలుకు ఎకరాలకి నిషేధం తీసేస్తున్నామని ప్రకటించారు. సెటిల్‌మెంట్ పుస్తకంలోంచి పుట్టిన అన్‌సెటిల్డ్ వ్యవహారం, వందేళ్లు.

ఈ మాటకి ఇంకా చీకటి వైపు ఒకటుంది, అది కూడా చెప్పాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు మీరు వినే ఉంటారు. కొన్ని కులాలకి కులాలనే పుట్టుకతో నేరస్తులని ముద్ర వేస్తూ తెల్లదొరలు 1871లో ఒక చట్టం చేశారు. ఆ చట్టం కింద తిరుగుబతుకు జనాన్ని తెచ్చి ఒకచోట ఉంచిన ఊళ్లని సెటిల్‌మెంట్లు అన్నారు. స్టూవర్టుపురం అలాంటిది, సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికి అప్పగించారు. అక్కడ సెటిల్ అవడం అంటే చెప్పకుండా ఊరు దాటకూడదని. ఆ చట్టం 1952లో పోయింది. కూర్చోబెట్టడం అనే మాటకి ఇదీ ఒక అర్థమే.

ఇక మన విశాఖలో ఈ మాటకి అసలు పేరు తెచ్చింది ఉక్కు ఫ్యాక్టరీ. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో ఎంత గొడవ జరిగిందో పెద్దవాళ్లకి తెలుసు. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాలు, సుమారు 22 వేల ఎకరాలు, పదహారు వేల పైచిలుకు కుటుంబాలు. భూమి తీసుకుంది 1894 నాటి భూసేకరణ చట్టం కింద, అదీ తెల్లదొరల చట్టమే.

మా అమ్మ పుట్టిల్లు ఆ 64లో ఒకటి. మా తాతని, మావల్ని అగనంపూడి వైపు కాలనీకి పంపారు. ఇంగ్లీషులో దానికి మాట రీసెటిల్‌మెంట్. అంటే మళ్లీ కూర్చోబెట్టడం. కూర్చున్నవాణ్ణి లేపితేనే కదా మళ్లీ కూర్చోబెట్టేది! మా పెద్ద మావకి కొన్నేళ్లకి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఆయన యూనిఫాం వేసుకుని సైకిల్ మీద వెళ్తుంటే మా ఊరంతా చూసేది. స్టీల్ ప్లాంటులో పడ్డాడంటే సెటిలైపోయినట్టే, అని అప్పుడే ఆ మాట మా ఇంట్లోకి వచ్చింది. అంతకు ముందు మా ఇళ్లల్లో ఎవరూ సెటిల్ కాలేదు మరి, ఊరికే బతికారు. ఆ ఉద్యోగంతో మావ పిల్లలు చదువుకున్నారు, ఒకడు ఇప్పుడు పూణేలో ఉన్నాడు. నేను ఫ్యాక్టరీ వద్దనేవాణ్ణి కాదు. ఉక్కు లేకపోతే మన విశాఖ ఎంతుండేదో నాకు తెలుసు. గానీ మా తాత మాత్రం కాలనీలో ఇరవై ఏళ్లు బతికి కూడా ఎవరైనా ఊరు అడిగితే కాలనీ పేరు చెప్పలేదు. లేని ఊరి పేరు చెప్పేవాడు. మావ పక్కనుంచి సర్దేవాడు.

అందరికీ మా మావలా జరగలేదు. ఆర్-కార్డు చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం చూసి చూసి వయసు దాటిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆర్ అంటే రిహాబిలిటేషన్, పునరావాసం. తండ్రి పోయాక కార్డు కొడుక్కి, కొడుకు తర్వాత మనవడికి. భూమికి బదులు కార్డు వారసత్వంగా వస్తోంది. 2021 జనవరి 27న కేంద్రం ప్లాంటులో తన వాటా నూటికి నూరూ అమ్మేస్తామని నిర్ణయం తీసుకున్నాక, సెటిలైపోయామనుకున్న ఉద్యోగులే టెంట్లు వేసుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. మా మావ రిటైరయ్యాడు గానీ ఇప్పటికీ పొద్దున్నే పేపర్లో ముందు ప్లాంటు వార్తే వెతుకుతాడు.

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. పాతదానికంటే నయం, నష్టపరిహారం పెరిగింది, గ్రామాన్ని అడగాలన్న రూలు వచ్చింది. దాని పేరులోనే రీసెటిల్‌మెంట్ ఉంది. మన మండలాల వైపు ఎవరైనా భూమి కొలతలకి వస్తే ముందు అడగవలసిన మాట ఏ చట్టం కింద అని. పూలింగా, సేకరణా, కొనుగోలా? మూడూ మూడు రకాలు. నోటితో సెటిల్ చేస్తామంటే వినొద్దు, నోటీసు అడగండి.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా చిన్నోడికి 28 ఏళ్లు. డిప్లొమా చదివాడు, పరవాడ వైపు ఒక కంపెనీలో నాలుగేళ్లు చేశాడు, వద్దనుకుని వచ్చేశాడు. మాకున్నది ఎకరా ఎనభై నాలుగు సెంట్లు. ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుని వాడు వంగ, బెండ, బంతి వేస్తున్నాడు, ఆనందపురం మార్కెట్టుకి తీసుకెళ్తాడు. కంపెనీలో ఇచ్చినదానికి తక్కువేం రావట్లేదు, కొన్ని నెలలు ఎక్కువే. ఈ రెండేళ్లలో ఏడు సంబంధాలు వచ్చాయి. ఏడుగురూ అడిగింది ఒకటే. "అబ్బాయి ఇంకా సెటిల్ అవలేదు కదండీ?"

అయిదు తరాల నుంచి ఒకే సర్వే నంబరు మీద ఉన్నాం. ఆ నేలలో ఏ మూల చౌడు, ఏ మూల ఊట, ఏ గట్టు కింద పీతలు బొరియలు పెడతాయో వాడికి తెలుసు. ఇంతకంటే కూర్చున్న మనిషి ఎవడున్నాడు? రెండేళ్లకో ఊరు మారేవాడు, వీసా తేదీ చూసుకుంటూ పడుకునేవాడు మాత్రం సెటిల్ అయినట్టు. వాళ్లని తప్పుపట్టట్లేదు, వాళ్ల బాధలు వాళ్లకున్నాయి. మాట తలకిందులైందని చెప్తున్నాను. ఆడపిల్ల తండ్రిని కూడా నేను తిట్టలేను. నేనూ ఒకప్పుడు మా అమ్మాయికి సంబంధం చూసిన తండ్రినే, గాజువాకలో జీతమున్న అబ్బాయికే ఇచ్చాను. నెల తిరిగేసరికి జీతం వస్తుందనే ధైర్యం ముందు బంతిపూల రేటు నిలబడదు, అది నిజం.

ఎనిమిదో సంబంధం మొన్న వచ్చింది. పిల్లకి మా వాడు నచ్చాడు. మొక్కల పని ఇష్టమేనంది. మధ్యవర్తిగా ఉన్న మా తమ్ముడి వరస ఆయన వచ్చి, "అన్నయ్యా, వాళ్లు ఒప్పుకున్నారు గానీ ఒక మాట. భూమంతా ముందే అబ్బాయి పేర సెటిల్‌మెంట్ రాసెయ్యమంటున్నారు. అప్పుడు సెటిలైనట్టే కదా అంటున్నారు" అన్నాడు. ఒకే వాక్యంలో ఆ మాట రెండుసార్లు వచ్చింది, రెండు అర్థాలతో.

సెటిల్‌మెంట్ దస్తావేజు అంటే ఏటో చాలామందికి సరిగా తెలీదు కాబట్టి రాస్తున్నాను. 1899 స్టాంపుల చట్టంలోనే ఈ మాటకి అర్థం ఇచ్చారు. పెళ్లి సందర్భంగానో, కుటుంబంలో పంచడానికో, తన మీద ఆధారపడినవాళ్లకి ఏర్పాటు చెయ్యడానికో, ధర్మకార్యానికో ఆస్తి రాసిచ్చే కాగితం, వీలునామా కానిది. వీలునామా మనం పోయాక పనిచేస్తుంది, బతికుండగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ అలా కాదు. రిజిస్టరై హక్కు వెళ్లిందంటే వెళ్లిందే, మనసు మారిందని మన ఒక్కరి సంతకంతో రద్దు చేసుకోలేం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చిన ఆస్తి, తీసుకున్నవాళ్లు చూసుకోకపోతే తిరిగి తెచ్చుకునే వీలు దాన్లో ఉంది. ఆ షరతు కాగితంలో స్పష్టంగా రాయించుకోండి. నోటిమాటగా వదిలేస్తే తర్వాత నిరూపించలేక చిక్కు. ఇంకోటి, తాతల ఆస్తి అయితే మన రాష్ట్రంలో 1985 నుంచి ఆడపిల్లకీ సమాన హక్కు ఉంది, దేశమంతా 2005లో వచ్చింది. ఆమె వాటాని నాన్న ఒక్కడు కొడుక్కి రాసేస్తే అది రేపు కోర్టుకెక్కే కాగితమే.

మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, నేను వచ్చి దున్నుకోను. తమ్ముడే చేసుకోనీ. గానీ నన్ను అడక్కుండా, నా పేరు లేకుండా కాగితం రాయొద్దు" అంది. మా ఇంటిది మాత్రం, "నీకూ నాకూ కూర్చోడానికి చోటు ఉంచుకుని మిగతాది ఏమైనా చెయ్యి" అంది. ఆవిడకి డిక్షనరీ అక్కర్లేకపోయింది.

వారం రోజులు ఆలోచించాం, నలుగురం కూర్చుని. చివరికి ఇలా అనుకున్నాం. బోరు ఉన్న ఎనభై సెంట్లు చిన్నోడికి, మా ఇద్దర్నీ చూసుకోవాలనే షరతుతో సెటిల్‌మెంట్. నలభై సెంట్లు అమ్మాయికి సెటిల్‌మెంట్, అది తమ్ముడు కౌలుకి చేసుకుని ఏటా అక్కకి బియ్యం ఇవ్వాలి. మిగిలిన అరవై నాలుగు సెంట్లు, ఇంటి వెనక కొబ్బరిచెట్లతో సహా, మా ఇద్దరం ఉన్నన్నాళ్లూ నా పేరునే. దాని మీద వీలునామా తర్వాత చూద్దాం. ఈ ఏర్పాటుకి ఇద్దరు పిల్లలూ సంతకం పెడతామన్నారు. దస్తావేజు లేఖరి ఫీజు, స్టాంపు ఖర్చు లెక్క కట్టి చెప్తానన్నాడు, ఒక్కో సెటిల్‌మెంటుకి వేరే.

ఇదే మాట ఆ వియ్యాలవారికి చెప్పి పంపించాను. అమావాస్య వెళ్లాక కబురు చెప్తామన్నారు. మా వాడు ఆ సంగతి ఎత్తడు, పొద్దున్నే బంతి మడిలోకి వెళ్లిపోతున్నాడు. దసరాకి పూలు అందాలంటే ఇప్పుడే తలలు తుంచాలి.

మీలో ఎవరైనా పిల్లలకి సెటిల్‌మెంట్ రాసి ఉంటే షరతు ఎలా రాయించారో చెప్పండి, మాకు పనికొస్తుంది. దమ్ము పట్టాక బురద దిగడాన్ని మీ ఊళ్లల్లో ఏమంటారో కూడా రాయండి. పేరుకోవడం, తేరుకోవడం కాకుండా వేరే మాట ఉందని శ్రీకాకుళం వైపు మిత్రుడొకరు అన్నాడు గానీ, మాట గుర్తు రావట్లేదట.